డెల్టా బంకమట్టి పొలం: ముందు నీళ్ళు పోయే దారి, ఆ తర్వాతే ఎరువు

హైదరాబాద్‌లోనో డల్లాస్‌లోనో ఉంటూ ఊళ్ళో నాన్నగారి పొలం చేతికొచ్చిన వాళ్ళు, లేదంటే రిటైర్ అయ్యాక తెనాలి, గుడివాడ, భీమవరం వైపు ఓ రెండెకరాలు కొనుక్కుందాం అనుకునేవాళ్ళు ఎక్కువగా అడిగేది ఒకటే, ఈ నల్ల బంకమట్టిలో ఏం వేస్తే బాగుంటుందీ అని. అడగాల్సిందే గానీ అది మూడో ప్రశ్న. మొదటిది ఆ పొలంలో పడ్డ నీళ్ళు ఎటు పోతాయి, రెండోది ఎన్నాళ్ళకి పోతాయి. ఈ రెండూ తేలకుండా ఎరువుల మీద, విత్తనాల మీద పెట్టే డబ్బు సగం మురుగులోకే పోతుంది. కాబట్టి ఆ వరసలోనే చెప్తాను.

ముందు ఈ మట్టి ఇక్కడికి ఎలా వచ్చిందో కొంచెం తెలిస్తే మిగతాది తేలిగ్గా అర్థమవుతుంది. కృష్ణ పుట్టేది మహాబలేశ్వర్ దగ్గర, గోదావరి పుట్టేది నాసిక్ పక్కన త్ర్యంబకేశ్వర్ దగ్గర, రెండూ మహారాష్ట్రలోని నల్లరాతి మీదుగా వస్తాయి, ఆ బసాల్ట్ రాయి చివికితే వచ్చే మట్టిలో స్మెక్టైట్ అనే బంక ఖనిజం ఎక్కువ. అది తడిస్తే పొరల మధ్యకి నీళ్ళు లాక్కుని ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుపోతుంది, మే నెలలో చేలో కాలు పట్టేంత నెర్రెలు పడేది అందుకే. ఇంకోటి, నది పొంగి గట్టు దాటినప్పుడు వేగం తగ్గుతుంది కదా, బరువైన ఇసుక గట్టు పక్కనే పడిపోతుంది, దాని తర్వాత సన్నటి ఒండ్రు, అన్నిటికన్నా సన్నటి బంక మాత్రం దూరంగా పల్లంలో నీళ్ళు కదలకుండా నిలిచిన చోట రోజుల తరబడి తేరుకుని అడుగున చేరుతుంది. అందుకే ఒకే ఊళ్ళో ఏటి వైపు పొలం గుల్లగా ఉంటుంది, ఊరికి అవతల పల్లం వైపు పొలం జిగటగా ఉంటుంది, కోనసీమలో మెరక మీద ఇళ్ళూ కొబ్బరీ, పల్లంలో వరీ ఉండేది కూడా దీనివల్లే. పెద్దవాళ్ళు ఏ ల్యాబూ లేకుండానే ఈ లెక్క చేసుకున్నారు. పల్లపు చేలల్లో బంక 40 నుంచి 60 శాతం దాకా ఉంటుంది.

చేత్తో చూసే పరీక్షలు

జానెడు లోతు నుంచి గుప్పెడు మట్టి తీసి రాళ్ళూ వేర్లూ ఏరేసి కొద్దికొద్దిగా నీళ్ళు పోస్తూ చపాతీ పిండిలా పిసకండి, తర్వాత బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి రిబ్బన్‌లా బయటికి తోయండి. రెండున్నర సెంటీమీటర్లకే తెగిపోతే అది బంకమట్టి కాదు, ఇసుక పాలు ఉన్న గుల్ల నేల. 5 సెంటీమీటర్లు దాటి కూడా తెగకుండా వేలాడుతుంటే మీది గట్టి బంక. మధ్యలో ఉంటే మధ్యస్థం, అది నిజానికి అదృష్టం, అన్ని పంటలకీ లొంగుతుంది.

రెండోది సీసా పరీక్ష. పొడుగాటి గాజు సీసాలో మూడో వంతు మట్టి, మిగతా నీళ్ళు, చిటికెడు బట్టల సబ్బు పొడి వేసి బాగా ఊపి కదపకుండా పెట్టేయండి. నిమిషంలోపు కిందకి దిగేది ఇసుక, రెండు మూడు గంటల్లో దిగేది ఒండ్రు, మర్నాటికి కూడా పైన కలకగా ఉండిపోయేది బంక. స్కేలు పెట్టి పొరలు కొలిస్తే ఉజ్జాయింపు శాతాలు వచ్చేస్తాయి.

మూడోది చాలామంది చేయరు కానీ నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైంది. గోలీ కాయంత ఎండిన మట్టిబెడ్డని కదపకుండా గ్లాసులో వాననీళ్ళలోకో, బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్‌లోకో నెమ్మదిగా వదలండి, బోరు నీళ్ళు మాత్రం వద్దు. బెడ్డ విడిపోయి కుప్పగా కూలి చుట్టూ నీళ్ళు తేటగా ఉంటే పర్వాలేదు. అలా కాకుండా ఒకటి రెండు గంటల్లో బెడ్డ చుట్టూ పాలమబ్బులాగా తెల్లటి పొగ కమ్ముకుంటే నేలలో సోడియం ఎక్కువైందని, అంటే కారుచౌడు మొదలైందని అనుమానించాలి. అలాంటి పొలం కొనేముందు మట్టి పరీక్ష రిపోర్ట్ చూడకుండా అడ్వాన్స్ ఇవ్వకండి.

ల్యాబ్‌కి పంపేటప్పుడు వరి చేను అయితే 15 సెంటీమీటర్ల లోతున వి ఆకారంలో తవ్వి గోడ వెంట చెక్కిన మట్టి, ఎకరానికి ఎనిమిది పది చోట్ల తీసి కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు రెండు భాగాలు ఉంచుకుంటూ చివరికి అరకిలో మిగిల్చి నీడలో ఆరబెట్టి ఇవ్వాలి. గట్టు పక్కన, చెట్టు కింద, పెంట పోసిన చోట తీస్తే ఆ రిపోర్ట్ దేనికీ పనికిరాదు. రిపోర్ట్‌లో ముందు పీహెచ్ (పులుపు, క్షారం చెప్పే అంకె), ఈసీ (ఉప్పు ఎంతుందో చెప్పే అంకె) చూడండి, ఆ తర్వాతే మిగతా అంకెలు. పీహెచ్ 7.5 నుంచి 8.5 మధ్య ఉంటే డెల్టాలో మామూలే. ఈ మట్టికి పోషకాలు పట్టుకునే శక్తి ఎక్కువ, పొటాష్ మామూలుగా బాగానే ఉంటుంది, కొరత ఉండేది నత్రజనికీ జింకుకీ.

నీళ్ళు ఎటు పోతాయి

బ్రోకర్ పొలం చూపించేది ఫిబ్రవరి మార్చిలో, అప్పుడు ఏ చేనైనా బాగానే కనిపిస్తుంది, మినుము పచ్చగా ఉంటుంది, రోడ్డు పొడిగా ఉంటుంది. మీరు అక్టోబర్‌లో వాయుగుండం వాన పడ్డాక మూడో రోజు వెళ్ళండి. పక్క చేలల్లో నీళ్ళు దిగిపోయి మీరు చూసే చేలో గట్టు మునిగి ఉంటే రేటు మాట్లాడే పద్ధతే మారిపోతుంది. పంట కాలువ ఎక్కడుందో అందరూ అడుగుతారు, మురుగు కాలువ ఎక్కడుందో అడిగేవాళ్ళు తక్కువ. మీ చేను నుంచి మురుగు బోదె, బోదె నుంచి చిన్న డ్రెయిన్, అక్కడి నుంచి మేజర్ డ్రెయిన్, చివరికి ఉప్పుటేరో సముద్రమో, ఈ దారి మొత్తం ఒకసారి బండి మీద వెళ్ళి చూడండి. ఎక్కడ గుర్రపుడెక్క మందంగా పట్టేసిందో, ఎక్కడ తూటికాడ పెరిగిందో, ఎవరు డ్రెయిన్ గట్టు తవ్వి చెరువులో కలుపుకున్నారో కళ్ళతో కనిపిస్తుంది. తీరం దగ్గర ఊళ్ళలో ఇంకో చిక్కుంది, సముద్రం పోటు మీద ఉన్నప్పుడు డ్రెయిన్ నీళ్ళు బయటికి పోవు, పైగా ఉప్పునీరు వెనక్కి తంతుంది.

ఇదేదో ఒకరిద్దరి బాధ కూడా కాదు, 2011లో కోనసీమ రైతులు సార్వా, అంటే ఖరీఫ్ వరి, వేయకుండా క్రాప్ హాలిడే ప్రకటించినప్పుడు గిట్టుబాటు ధరతో పాటు మురుగు పోని సమస్య కూడా గట్టిగా వినిపించింది. భూమి లోపల చిల్లుల పైపులు వేసి మురుగు తీసే పద్ధతిని బాపట్ల శాస్త్రవేత్తలు ఇండో డచ్ ప్రాజెక్టు కింద ఉప్పుగుండూరు, కాలిపట్నం లాంటి చోట్ల చేసి చూపించారు, పనిచేస్తుంది, కానీ ఒక్క రైతు సొంతంగా పెట్టుకునే ఖర్చు కాదు. మన చేతిలో ఉన్నది పై మురుగు. చేను చుట్టూ లోపలి వైపు జానెడున్నర లోతు కాలవ తీసి, అన్నిటికన్నా పల్లంగా ఉన్న మూల తూము పెట్టుకోవడం, మే నెలలో పక్క రైతులతో కలిసి బోదె పూడిక తీయించడం. నలుగురు కలిసి జేసీబీ పెట్టుకుంటే తలా కొంచెం పడుతుంది, ఒక్క యూరియా బస్తా తక్కువ వేసినా ఇది మాత్రం మానొద్దు. పొలం కౌలుకి ఇచ్చి వెళ్ళిపోయేవాళ్ళు ఈ ఖర్చు కౌలుదారు మీద తోసేస్తారు, ఏడాది కౌలుకి చేసేవాడు శాశ్వత కాలవ ఎందుకు తవ్విస్తాడు చెప్పండి, అది భూమి గల ఆసామి పని.

పదును

ఈ నేల దున్నడానికి ఇచ్చే టైము చాలా తక్కువ. తడి ఎక్కువైతే ట్రాక్టర్ దిగబడుతుంది, నాగలి వెనక మట్టి సబ్బు కోసినట్టు మెరుస్తూ లేస్తుంది, అది ఎండితే బెడ్డలు రాళ్ళలా అయిపోయి రోటవేటర్ బ్లేళ్ళు అరగడమే తప్ప పగలవు. బాగా ఎండిపోయాక మొదలుపెడితే డీజిల్ తాగేస్తుంది. మధ్యలో మూడు నాలుగు రోజులు మాత్రమే పదును, అంటే దున్నడానికి సరిపడే తడి. చూసుకోవడం ఎలాగంటే పది సెంటీమీటర్ల లోతు మట్టి తీసి ఉండ చేసి నడుము ఎత్తు నుంచి వదలండి, పడి చితికి అతుక్కుపోతే ఆగాలి, నాలుగు ముక్కలుగా పగిలితే ట్రాక్టర్‌కి ఫోన్ చేయండి. అరచేతుల మధ్య పెట్టి పెన్సిల్ కన్నా సన్నంగా తాడులా పేనితే తెగిపోవాలి, తెగకుండా సాగుతోందంటే ఇంకా తడి ఉన్నట్టే. పైన ఆరినట్టు కనిపించినా లోపల తడే ఉంటుంది కాబట్టి పైమట్టి చూసి నిర్ణయించుకోకండి.

వరి నాట్లకి నీళ్ళు పెట్టి బురదగా దున్నే దమ్ము ఏటా చేసీ చేసీ 15, 20 సెంటీమీటర్ల కింద గట్టి పొర ఏర్పడుతుంది. వరికి అది మంచిదే, నీళ్ళు కిందకి జారవు. వెనక వేసే పంటకి అదే శత్రువు, వేరు కిందకి దిగదు. వేసవి దుక్కి కుదిరితే చేయండి, నెర్రెలు పడి ఎండటం వల్ల కూడా నేల దానంతటదే కొంత గుల్లబడుతుంది, ఈ మట్టికి ఉన్న మంచి గుణాల్లో అదొకటి. కాకపోతే జూన్‌లో మొదటి తడి నీళ్ళు ఆ నెర్రెల్లోకి వెళ్ళిపోతాయి, కాలువ చివరి రైతుకి నీళ్ళు ఆలస్యంగా అందడానికి ఇదీ ఒక కారణం. పచ్చిరొట్టకి జీలుగ ఎకరానికి 10, 12 కిలోలు చల్లి పూత దశలో, 45, 50 రోజులకి, కలియదున్నితే బంక కొంచెం విడుతుంది, యూరియా కూడా తగ్గించుకోవచ్చు. వానలకి ముందు నీళ్ళు దొరకని చోట పిల్లిపెసర మేలు.

సార్వా వరి

రకం ఎంచుకునేటప్పుడు మునిగే చేనా కాదా అన్నదే మొదటి లెక్క. మునిగే పల్లానికి మార్టేరు వరి పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన ఎంటీయూ 1064, దాన్నే అమర అంటారు, ఎంటీయూ 1061 ఇంద్ర లాంటివి చూస్తారు. స్వర్ణ సబ్-1 అయితే పూర్తిగా మునిగినా రెండు వారాల దాకా తట్టుకుంటుంది. సాంబ మసూరి అనే బీపీటీ 5204 బియ్యం రేటు బాగుంటుంది నిజమే, కానీ కోతల ముందు నీళ్ళు నిలిచే చేలో అది పడిపోయి మొలకెత్తుతుంటే చూసి ఏం చేస్తాం.

యూరియా నిలవ నీళ్ళలో చల్లితే గాలిలోకీ మురుగులోకీ పోతుంది. నీళ్ళు తీసేసి బురద మీద చల్లి ఒకటి రెండు రోజులాగి మళ్ళీ పెట్టాలి, మూడు దఫాలుగా వేయాలి. నీళ్ళు తీయడం కుదరని పల్లం అయితే 50 కిలోల యూరియాకి 250 కిలోల తేమ ఉన్న మట్టి కలిపి రెండు రోజులు ఉంచి చల్లుకోండి. పొటాష్ ఈ బరువు నేలల్లో మొత్తం ఆఖరి దమ్ములో వేసేయొచ్చు. నాటిన రెండు నుంచి నాలుగు వారాల్లో ఆకు మధ్య ఈనె పాలిపోయి ఇటుక రంగు మచ్చలు వచ్చాయంటే జింకు లోపం. మూడు పంటలకి ఒకసారి ఎకరానికి 20 కిలోల జింక్ సల్ఫేట్ దమ్ములో వేసుకుంటే ఆ గొడవ ఉండదు, భాస్వరం ఎరువుతో మాత్రం కలపకుండా మూడు రోజుల తేడా ఇవ్వండి. వేయడం మర్చిపోతే లీటరుకి 2 గ్రాములు కలిపి ఐదు రోజుల తేడాతో రెండు మూడుసార్లు పిచికారీ. పిలక తగ్గి మొక్క పీకితే వేర్లు నల్లగా కుళ్ళిన గుడ్డు వాసన వస్తుంటే ఏ మందూ కొనకండి. అది నీళ్ళు అదేపనిగా నిలిచి గాలాడక వచ్చే సల్ఫైడ్ దెబ్బ. నీళ్ళు తీసేసి సన్న నెర్రె వచ్చేదాకా ఆరబెడితే తెల్లవేరు మళ్ళీ పుడుతుంది.

వరి వెనక ఏం వేయాలి

ఈ మట్టి అసలు విలువ ఇక్కడే తెలుస్తుంది. వరి కోశాక లోపల పట్టి ఉంచిన తేమ మీద, ఒక్క తడి కూడా ఇవ్వకుండా మినుము పండించే నేలలు దేశంలో ఎన్నో లేవు. దున్నక్కర్లేదు, కోతకి రెండు మూడు రోజుల ముందు బురద పదునులో ఎకరానికి 16 నుంచి 18 కిలోలు చల్లేయడమే. కష్టమంతా ఆ పదునులో ఉంది, నీళ్ళు నిలిస్తే గింజ కుళ్ళుతుంది, ఆరిపోతే మొలవదు, దానికి తోడు ఇప్పుడు కోతలన్నీ చైన్ మిషన్‌తో కాబట్టి చేను మెత్తగా ఉంటే మిషన్ తిరిగిన చాళ్ళలో గింజ లోతుకి దిగిపోయి మొలక పోతుంది. అందుకే వరికి చివరి నీళ్ళు ఎప్పుడు ఆపామన్నదే మినుము మొలకని నిర్ణయిస్తుంది, మూలన పెట్టుకున్న తూము ఉపయోగం ఇక్కడ కనిపిస్తుంది. డిసెంబర్ దాటితే దిగుబడి పడిపోతుంది. విత్తనంలో బంగారుతీగ (పంటని చుట్టుకుని రసం పీల్చేసే కలుపు) గింజ లేకుండా జల్లెడ పట్టుకోండి, అది ఒకసారి చేలో పడితే ఏళ్ళ తరబడి వదలదు. పల్లాకు తెగులు తట్టుకునే ఎల్‌బీజీ 787, టీబీజీ 104 లాంటివి చూసుకోండి.

ఒక మాట, ఈ నేల తేమ చూసి మోసపోకూడదు. బంక నీళ్ళని ఎంత గట్టిగా పట్టుకుంటుందంటే మట్టి చేతికి చల్లగా తగులుతున్నా మొక్క లాక్కోలేక వాడిపోతుంది. మినుము పూత మీద ఉన్నప్పుడు వాడిపోతున్నట్టు కనిపిస్తే, నీళ్ళ సదుపాయం ఉంటే ఒక తేలికపాటి తడి ఇచ్చి వెంటనే తీసేయండి, ఒక రోజుకి మించి నిలిస్తే పంట పసుపెక్కుతుంది.

బోరో కాలువ నీళ్ళో ఉంటే గుంటూరు డెల్టా వైపు చేసే జీరో టిల్లేజ్ మొక్కజొన్న బాగా డబ్బిస్తుంది, వరి మోళ్ళ మధ్య దున్నకుండానే తాడు పట్టి గింజ గుచ్చుతారు. కానీ ఎరువు చాలా తింటుంది, భూమికి తిరిగి ఇచ్చేదేమీ లేదు. రెండేళ్ళకోసారైనా మినుము వేసుకోమని నేనంటాను, లెక్కలు వేరేగా చెప్పేవాళ్ళూ ఉన్నారు.

నదిలో ఉండే లంకల సంగతి వేరు. కరకట్ట లోపల ఉండే ఆ ఒండ్రులో పసుపు, కంద, అరటి, తమలపాకు అన్నీ వస్తాయి, వరద వస్తే అన్నీ పోతాయి. 2024 సెప్టెంబర్‌లో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చినప్పుడు ఆ చేనులో నీళ్ళు ఎంత ఎత్తు నిలిచాయో అడగండి, గోదావరి వైపు అయితే 2022 జులై గురించి అడగండి, భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటిన వరద అది. కాయితాలు కూడా, అది డి పట్టా భూమేమో (ప్రభుత్వం పేదలకి పంచినది) లాయర్‌కి చూపించుకున్నాకే మాట్లాడండి.

చౌడు, మునక, చెరువు

పాలచౌడు అంటే ఉప్పు పేరుకున్నది, మంచినీళ్ళు నిలగట్టి తీసేయడం మూడు నాలుగుసార్లు చేస్తే తగ్గుతుంది. కారుచౌడుకి జిప్సం కావాలి, పీహెచ్ 8.5 దాటిందని రిపోర్ట్ వస్తే అందులో చెప్పిన మోతాదు వేసి కలియదున్ని నీళ్ళు నిలగట్టి బయటికి వదలాలి. వదలడానికి డ్రెయిన్ లేకపోతే జిప్సం బస్తాలు దింపుకోకండి, విడిపోయిన సోడియం అక్కడే ఉంటుంది కాబట్టి డబ్బు దండగ.

వరి పిలక దశలో మునిగి తేలితే నీళ్ళు తీశాక ఎకరానికి 20 కిలోల యూరియా, 10 కిలోల పొటాష్ పైపాటుగా వేస్తారు. గింజ గట్టిపడ్డాక పడిపోయి మొలకలు వచ్చేలా ఉంటే లీటరుకి 50 గ్రాముల కళ్ళుప్పు కలిపి వెన్నుల మీద కొట్టండి, ఖర్చు లేని పని. వరద తెచ్చిన మేట బంకో ఒండ్రో అయితే దున్నేసి కలిపేయొచ్చు, మందంగా ఇసుక పడితే తీయించాల్సిందే.

రొయ్యల చెరువుకి ఈ మట్టి అద్భుతం, నీళ్ళు ఇంకవు, గట్టు నిలబడుతుంది. అందుకే లీజు రేటు చూసి ఆశ పుడుతుంది. పదేళ్ళ తర్వాత లీజు మానేస్తే ఆ ఉప్పు పట్టిన గుంతలో మళ్ళీ వరి పండించడం ఏళ్ళ పని, పైగా పక్క చేనువాడితో రోజూ పోట్లాట. అనుమతి లేకుండా తవ్వొద్దు, కొల్లేరు చుట్టుపక్కల ఐదో కాంటూరు (సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత) లోపల అయితే 1999 నుంచి అభయారణ్యం, 2006లో అక్కడ చెరువులు ఎలా కొట్టేశారో అందరూ చూశారు.

ఇల్లు కట్టే ఆలోచన ఉంటే

చేలో చిన్న ఇల్లు కట్టుకుందాం అనుకునేవాళ్ళు ముందు ఉబ్బు పరీక్ష చేయించండి. పద్ధతి తేలికే, ఆరబెట్టి సన్నగా జల్లించిన 10 గ్రాముల మట్టి ఒక కొలత గొట్టంలో నీళ్ళలో, ఇంకో 10 గ్రాములు కిరోసిన్‌లో, ఒక రోజు ఆగి రెండింటిలో మట్టి ఎత్తు చూస్తారు. కిరోసిన్‌కి బంక ఉబ్బదు. కిరోసిన్‌లో 10 మిల్లీలీటర్లు, నీళ్ళలో 18 ఉంటే ఉబ్బు 80 శాతం, 50 దాటితేనే చాలా ఎక్కువ కింద లెక్క. కిరోసిన్ దొరకడమే ఇప్పుడు కష్టం, దగ్గర్లో ఏ ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబ్‌లోనైనా చేసి పెడతారు. ఉబ్బు ఎక్కువుంటే మామూలు పునాది మీద గోడలు మూలలనుంచి ఏటవాలుగా చీలతాయి, సిమెంట్ పూసినా మళ్ళీ వేసవికి తెరుచుకుంటాయి. అడుగున వెడల్పు చేసిన అండర్ రీమ్డ్ పైల్స్ వేయాలి, ఇలాంటి లోతైన బంక నేలల్లో కనీసం 3.5 మీటర్ల లోతు దించాలి, గోడల్ని మోసే ప్లింత్ బీమ్‌ని నేలకి ఆనించకుండా కింద ఖాళీ వదలాలి, నేల ఉబ్బినా బీమ్‌ని పైకి తోయకుండా. ఇంటి చుట్టూ వాలు బయటికి ఉండే సిమెంట్ పేవింగ్ వేయించుకుని, స్నానాల నీళ్ళ పైపు, సెప్టిక్ ట్యాంకు గోడకి దూరంగా పెట్టుకోండి, వేప, రావి లాంటి ఏ పెద్ద చెట్టయినా అది ఎదిగే ఎత్తంత దూరంలో నాటుకోండి, దాని వేర్లు ఒక వైపు మట్టిని ఆరబెట్టేస్తే ఆ వైపు పునాది కుంగుతుంది.